పులిపిర్లు, నల్ల బొడిపెలు లేజర్‌తో తీయించుకోవడం ఎలా

మెడ మీద వేలాడే పులిపిర్లు, బుగ్గల మీద నల్లటి బొడిపెలు, పొట్ట మీద ఎర్రటి చుక్కలు, కనురెప్ప మూలలో పసుపు పొర. వీటిలో చాలా వరకు ప్రాణానికి ఏ ముప్పూ లేనివే. తీయించుకుని తీరాలన్న నియమం కూడా లేదు. నల్లపూసల గొలుసు తగిలి నెత్తురొస్తోందనో, గడ్డం గీసుకుంటుంటే తెగుతోందనో, అద్దంలో చూసుకుంటే బాగోలేదనో తీయించుకుంటారు. లేజర్ పని పది ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. మచ్చ మిగులుతుందా లేదా అన్నది మాత్రం ముందు వారం మీరేం చేశారు, తర్వాత రెండు నెలలు ఏం చేశారు అన్నదాని మీద ఎక్కువగా ఆధారపడుతుంది. మనది గోధుమ రంగు, చామనచాయ చర్మం. గాయమైన చోటల్లా నల్లబడే గుణం దానికి ఉంది. దానికి తోడు బెజవాడ, గుంటూరు ఎండ.

మొదటి పని: అదేమిటో తేల్చుకోండి

ఒంటి మీద ఉబ్బెత్తుగా కనిపించిన ప్రతిదాన్నీ పులిపిరి అనేస్తాం. స్కిన్ డాక్టరు లెక్కలో ఇవి ఏడెనిమిది రకాలు, ఒక్కోదానికి మందు వేరు, యంత్రం వేరు.

మెడ, చంకలు, రొమ్ముల కింద, గజ్జల్లో సన్నటి తొడిమతో మెత్తగా వేలాడేవి స్కిన్ ట్యాగులు. అంటుకోవు, పాకవు. ఒరిపిడి ఉన్నచోట, బరువు పెరిగినవారికి, షుగరు ఉన్నవారికి ఎక్కువ. మెడ చుట్టూ చర్మం కూడా నల్లగా, మందంగా, మఖమల్ గుడ్డలా అయిందంటే ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని అనుమానించాలి. లేజర్ కంటే ముందు పరగడుపు షుగరు, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు) పరీక్షలు చేయించుకోండి. ఆ సంగతి చూసుకోకుండా ట్యాగులు మాత్రం తీయించుకుంటే ఏడాది తిరిగేసరికి పక్కనే కొత్తవి లేస్తాయి.

బుగ్గ ఎముకల మీద, కణతల దగ్గర, మెడ మీద ఒకటి నుంచి అయిదు మిల్లీమీటర్ల సైజులో నల్లగా, నున్నగా ఉండేవాటిని డీపీఎన్ (డెర్మటోసిస్ పాపులోసా నైగ్రా) అంటారు. తల్లికి ఉంటే కూతురికి వచ్చే అవకాశం ఎక్కువ, వయసుతో పాటు లెక్క పెరుగుతుంది. ఇవి చర్మం పై పొరలోనే ఉంటాయి కాబట్టి తీయడం తేలిక. కానీ మరీ లోతుకు వెళితే గుంట పడేది కూడా వీటి దగ్గరే. నలభై దాటినవారికి వీపు మీద, కణతల మీద అతికించినట్టుగా, గరుగ్గా, కాస్త జిడ్డుగా కనిపించేవి సెబోరిక్ కెరటోసిస్, ఇవీ డీపీఎన్‌కు దగ్గరి చుట్టాలే. అలాంటివి కొద్ది వారాల్లో గుంపుగా, దురదతో పుట్టుకొస్తే మాత్రం లేజర్ ఆలోచన పక్కన పెట్టి ఫిజీషియన్ దగ్గరికి వెళ్ళండి. అరుదుగానే అయినా, కడుపులో ఉన్న క్యాన్సర్‌కు అది సూచన కావచ్చు.

పొట్ట, ఛాతీ మీద ఎర్రటి చుక్కలు చెర్రీ యాంజియోమాలు, సన్నటి రక్తనాళాల ముద్దలు. కింది రెప్పల కింద చర్మం రంగులోనే గుంపుగా ఉండే చిన్న గుల్లలు సిరింగోమాలు. చెమట గ్రంథి నాళాల్లోంచి పుట్టి లోతుగా వేళ్ళూనుకుంటాయి, అందుకే పూర్తిగా పోవడం కష్టం. డెబ్బై శాతం తగ్గితే చాలనుకుని వెళ్ళండి. కంటి లోపలి మూలలో పసుపు పొర జాంథెలాస్మా, అది కొలెస్ట్రాల్ పేరుకోవడం. ఉన్నవారిలో దాదాపు సగం మందికి రక్తంలో కొవ్వు ఎక్కువుంటుంది కాబట్టి లిపిడ్ ప్రొఫైల్ తప్పనిసరి. తెల్లటి నూకగింజ లాంటి మిలియాకు లేజర్ అక్కర్లేదు, డాక్టరు స్టెరైల్ సూదితో గిల్లి తీసేస్తారు.

ఇక అసలైన పులిపిరి. గరుగ్గా ఉంటుంది, దగ్గరగా చూస్తే మధ్యలో నల్లటి పిన్ను చుక్కలు కనిపిస్తాయి. గడ్డకట్టిన సన్నటి రక్తనాళాలవి. హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తుంది, గీరితే పాకుతుంది. గడ్డం మీద చదునైన పులిపిర్లు వరసగా ఉన్నాయంటే బ్లేడు వాటిని లాక్కుంటూ వెళ్ళిందన్నమాట. వీటికి మొదటి మందు లేజర్ కాదు. శాలిసిలిక్ యాసిడ్ పూత, ద్రవ నత్రజనితో గడ్డకట్టించడం అయ్యాక కూడా లొంగకపోతే అప్పుడు లేజర్.

పుట్టుమచ్చల విషయంలో గట్టిగా ఉండండి. లేజర్ కణజాలాన్ని ఆవిరి చేసేస్తుంది, పరీక్షకు పంపడానికి ముక్క మిగలదు. ఒక మచ్చ కొద్ది నెలల్లో పెరిగినా, ఒక సగం ఇంకో సగంలా లేకపోయినా, అంచు చెదిరినట్టున్నా, ఒకే మచ్చలో రెండు మూడు రంగులున్నా, ఆరు మిల్లీమీటర్లు దాటినా, తగలకుండానే నెత్తురు కారినా దాని మీద లేజర్ పెట్టనివ్వకండి. మెలనోమా క్యాన్సర్ మనవాళ్ళలో అరుదు. వచ్చినప్పుడు మాత్రం అరికాలు, అరచేయి, గోటి కింద ఎక్కువగా కనిపిస్తుంది. బొటనవేలి గోటిలో నల్లటి చార వెడల్పవుతుంటే ఆలస్యం చేయకండి. అరవై దాటినవారి ముక్కు, బుగ్గ మీద మెరిసే అంచుతో, నల్లటి చుక్కలతో బొడిపె పెరుగుతున్నా, నెల దాటినా మానని పుండున్నా అది బేసల్ సెల్ క్యాన్సర్ కావచ్చు. పొలాల్లో ఏళ్ళ తరబడి ఎండకు పనిచేసినవారు దీన్ని పులిపిరి అనుకుని వదిలేయడం మామూలే.

ఇంటి వైద్యాల గురించి ఒక్క మాట. సున్నం, చాకలి సోడా కలిపి పెట్టడం, నల్లజీడి రసం అద్దడం, తల వెంట్రుక బిగించి కట్టడం మన పల్లెల్లో ఇప్పటికీ ఉంది. సున్నం, సోడా కలిస్తే క్షారం పుడుతుంది. బొడిపె ఎక్కడ ఆగింది, మంచి చర్మం ఎక్కడ మొదలైంది అన్నది దానికి తెలియదు. నల్లజీడి కాల్చిన మచ్చ ఏళ్ళ తరబడి పోదు. జిల్లేడు పాలు కంటి దగ్గర వాడితే చూపుకే ముప్పు.

రెండో పని: ఏ యంత్రమో అడగండి

‘లేజర్ చేస్తాం’ అన్న మాటతో సరిపెట్టుకోకండి, ఏ లేజర్ అని అడగండి.

ఉబ్బెత్తు బొడిపెలకు ఎక్కువగా వాడేది కార్బన్ డయాక్సైడ్ లేజర్. 1964లో బెల్ ల్యాబ్స్‌లో దీన్ని కనిపెట్టింది మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. దాని కాంతి 10,600 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం (అల పొడవు) ఉన్నది, కంటికి కనిపించదు. నీళ్ళు ఆ కాంతిని గటగటా తాగేస్తాయి. చర్మ కణాల్లో ఉండేది ఎక్కువగా నీరే కాబట్టి కిరణం తగిలిన పొర అక్కడికక్కడే ఆవిరైపోతుంది. బొడిపె నల్లగా ఉందా, చర్మం రంగులో ఉందా అన్న తేడా ఈ లేజర్‌కు లేదు. చుట్టుపక్కలకు కాస్త వేడి పాకడం వల్ల చిన్న రక్తనాళాలు మూసుకుని నెత్తురు పెద్దగా రాదు. ఆ వేడే హద్దు దాటితే మచ్చకు కారణం. 2,940 నానోమీటర్ల ఎర్బియం యాగ్ లేజర్ ఇంకా పలచగా చెక్కుతుంది, వేడి తక్కువ పాకుతుంది, నెత్తురు కాస్త ఎక్కువ కనిపిస్తుంది.

ఎర్ర చుక్కలకు లెక్క వేరు. అక్కడ కాంతిని పీల్చుకోవాల్సింది నెత్తురులోని హీమోగ్లోబిన్. చుట్టూ ఉన్నదాన్ని వదిలేసి ఒక్క రంగునే కాల్చే ఈ పద్ధతిని 1983లో ఆండర్సన్, ప్యారిష్ సిద్ధాంతంగా చెప్పారు. 532, 595 నానోమీటర్ల లేజర్లు అలా పనిచేస్తాయి. కానీ ఆ కాంతిని మన చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కూడా లాక్కుంటుంది, పై చర్మం కాలవచ్చు. అందుకని ముదురు రంగువారికి 1,064 నానోమీటర్ల లాంగ్ పల్స్ ఎన్‌డీ యాగ్ వైపు మొగ్గుతారు. టాటూలు తీసే క్యూ స్విచ్ లేజర్ వేరు, అది ఉబ్బెత్తు బొడిపెను తీయలేదు. ఐపీఎల్ (ఇంటెన్స్ పల్స్‌డ్ లైట్) అసలు లేజరే కాదు, చాలా రంగుల కాంతి కలిపిన ఫ్లాష్. బొడిపెలకు పనికిరాదు, చామనచాయ మీద కాలిన చారలు మిగిల్చే ప్రమాదం ఉంది. ఎర్ర, నీలి ఎల్‌ఈడీ మాస్కులతో పులిపిర్లు రాలతాయని అమ్మేవారి మాట నమ్మి డబ్బు తగలేయకండి. మందు పూసి ఎర్ర లైటు పెట్టే ఫోటోడైనమిక్ చికిత్స అన్నది నిజంగానే ఉంది. ప్రధానంగా అది ఎండకు పాడైన చర్మం మీద వచ్చే క్యాన్సర్ ముందు దశ మచ్చలకూ, కొన్ని పై పొర క్యాన్సర్లకూ వాడేది, మెడ మీది ట్యాగులకు కాదు.

చాలా క్లినిక్కుల్లో లేజర్ పేరుతో చేసేది రేడియో ఫ్రీక్వెన్సీ. సన్నటి తీగ కొసతో, విద్యుత్ తరంగాలతో కాల్చడం. అదేమీ మోసపు వైద్యం కాదు. డీపీఎన్‌కు చేయి తిరిగిన డాక్టరు చేతిలో లేజర్‌తో సమానంగా పనిచేస్తుంది, ఖర్చు తక్కువ. అది చేసి లేజర్ బిల్లు వేస్తే మాత్రం అడగండి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు ఈ తేడా తప్పక తెలుసుకోవాలి, విద్యుత్ పరికరం దానికి అడ్డు తగలొచ్చు. సన్నటి తొడిమ ఉన్న స్కిన్ ట్యాగుకైతే లేజరూ అక్కర్లేదు, స్టెరైల్ కత్తెరతో ఒక్క కత్తిరింపు చాలు. నాలుగు ట్యాగులకు లేజర్ ప్యాకేజీ అంటగడుతుంటే లేచి రండి.

మూడో పని: డాక్టరు, చోటు, కాలం

విజయవాడలో సూర్యారావుపేట, గవర్నరుపేటల్లో, గుంటూరులో కొత్తపేట, బ్రాడీపేటల్లో బోర్డులకు కొదవ లేదు. బోర్డు మీద ఎండీ డీవీఎల్, డీడీవీఎల్, లేదా చర్మవ్యాధుల్లో డీఎన్‌బీ లాంటి చర్మవైద్యపు డిగ్రీ, డిప్లొమా ఉందో చూడండి. ‘కాస్మెటాలజీ’ సర్టిఫికెట్ ఒక్కటే ఉంటే సరిపోదు. బ్యూటీ పార్లర్‌లో బొడిపెలు కాల్పించుకోవద్దు, అక్కడ క్యాన్సర్‌ను గుర్తుపట్టేవారు ఉండరు. అదేమిటో తేల్చుకోవడానికి మాత్రమే అయితే గుంటూరు, విజయవాడ ప్రభుత్వ సర్వజనాసుపత్రుల్లోనో, మంగళగిరి ఎయిమ్స్‌లోనో చర్మవ్యాధుల ఓపీకి వెళ్ళి రాయించుకున్నా సరిపోతుంది. పేరు తేలిన చీటీ చేతిలో ఉంటే ప్రైవేటు క్లినిక్‌లో మిమ్మల్ని ఎవరూ అటూ ఇటూ తిప్పలేరు.

క్లినిక్‌లో అడగాల్సినవి ఇవి. దీని పేరేంటి? డెర్మోస్కోప్‌తో (చర్మాన్ని పెద్దదిగా చూపే లైటు భూతద్దం) చూశారా? హ్యాండ్‌పీస్ (లేజర్ కిరణం వచ్చే పిడి) పట్టుకునేది మీరా, టెక్నీషియనా? ముందు రెండు మూడింటి మీద చేసి చూపిస్తారా? లెక్క ఒక్కో బొడిపెకా, సిట్టింగుకా? రెండోసారి రావాల్సొస్తే దానికి వేరే డబ్బా? అందం కోసం చేయించుకున్నదానికి మామూలుగా ఇన్సూరెన్స్ రాదు, బిల్లు మీద జీఎస్టీ కూడా కలవచ్చు. మొత్తం ఎంతవుతుందో ముందే కాగితం మీద రాయించుకోండి.

కాలం విషయానికొస్తే నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య పెట్టుకోండి. ఏప్రిల్, మే నెలల్లో, ముఖ్యంగా రోహిణి కార్తెలో, కొత్త చర్మం మీద కాసేపు ఎండ తగిలినా నల్లమచ్చ పడొచ్చు. దానికి తోడు చెమట, ఉక్క. పెళ్ళి ఉందని హడావిడిగా వారం ముందు వెళ్ళేవారు చాలామంది. పక్కులు రాలడానికే వారం, గులాబీ రంగు తగ్గడానికి నెలా నెలన్నర. ఒకవేళ నల్లబడితే మూడు నుంచి ఆరు నెలలు. కాబట్టి ముహూర్తానికి కనీసం రెండు నెలల ముందు చేయించుకోవాలి, మూడు నెలలైతే ఇంకా నయం.

నాలుగో పని: ముందు వారం

వాడుతున్న మందులన్నీ చీటీ మీద రాసుకుని తీసుకెళ్ళండి. యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి నెత్తురు గడ్డకట్టకుండా వాడే మందులు గుండె డాక్టరును అడగకుండా మీ అంతట మీరు ఆపొద్దు. బొడిపె దగ్గర నాలుగు చుక్కల నెత్తురు కంటే గుండెలో నెత్తురు గడ్డకట్టడం పెద్ద ప్రమాదం. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నా, ఈ మధ్యే ఆపినా చెప్పండి, ఎంత లోతు పని, ఎప్పుడు చేయాలన్నది డాక్టరు చూసుకుంటారు. పెదవుల చుట్టూ జ్వరం పొక్కులు వచ్చే అలవాటుంటే ముందే అసైక్లోవిర్ లాంటి మందు మొదలుపెడతారు. పాత గాయాలు, చెవి కుట్టిన చోటు తాడులా లావెక్కిన చరిత్ర ఉంటే కెలాయిడ్ గుణం ఉన్నట్టే. అలాంటివారు ఛాతీ, భుజాలు, దవడ అంచు మీద చేయించుకోకపోవడమే మేలు. బొల్లి పెరుగుతున్న దశలో ఉన్నా అంతే, గాయమైన చోట కొత్త తెల్లమచ్చ పుట్టవచ్చు. గర్భిణులు అందం పనులు కాన్పు తర్వాతకు వాయిదా వేసుకోవచ్చు, తొందరేం లేదు. షుగరు అదుపులో లేకపోతే ముందు దాన్ని దారికి తెచ్చుకోండి.

వారం ముందు నుంచి ఆ చోట బ్లీచ్, ఫేషియల్, వ్యాక్సింగ్, త్రెడింగ్ ఆపేయండి. ట్రెటినాయిన్, అడాపలీన్, గ్లైకాలిక్ యాసిడ్ క్రీములు కూడా. ఎండలో కమిలి వచ్చి ఉంటే ఆ కమురు విరిగేదాకా ఆగండి. వెలుతురు బాగా ఉన్న కిటికీ దగ్గర, మూడు వైపుల నుంచి ఫోటోలు తీసి పెట్టుకోండి. తర్వాత ‘ఇది ముందే ఉందా, లేజర్ వల్ల వచ్చిందా’ అన్న వాదన లేకుండా తేలిపోతుంది.

ఆ రోజు

తిని వెళ్ళండి, ఖాళీ కడుపుతో కొందరికి సూది చూడగానే కళ్ళు తిరుగుతాయి. మేకప్, పౌడరు, జుట్టు స్ప్రే వద్దు. మెడ మీద పనైతే గొలుసులు, నల్లపూసలు ఇంట్లో పెట్టి వెళ్ళడమే మంచిది.

మొహం కడిగి మొద్దుబార్చే క్రీము పూస్తారు. ఎక్కువగా వాడేదాంట్లో లిడోకెయిన్ 2.5 శాతం, ప్రిలోకెయిన్ 2.5 శాతం ఉంటాయి. పలచగా రుద్దితే పనిచేయదు, మందంగా పెట్టి పైన ప్లాస్టిక్ పొర అంటించి 45 నిమిషాల నుంచి గంట దాకా ఉంచాలి. పావుగంటకే తుడిచేసి ‘కాస్త ఓర్చుకోండి’ అంటే ఇంకాసేపు ఆగమనండి. ఇంట్లో మీరే ట్యూబులకు ట్యూబులు ఒళ్ళంతా పూసుకుని వెళ్ళడం ప్రమాదం. మందు రక్తంలోకెక్కితే పెదవులు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది, ఎక్కువైతే ఫిట్స్ వస్తాయి. కంటి అంచున ఈ క్రీము వాడరు, లోపలికి జారితే కన్ను మండి దెబ్బతినొచ్చు. అక్కడ సన్న సూదితో లిడోకెయిన్ ఇస్తారు, రెప్పల మీద పనైతే కంటి లోపల లోహపు కవచం పెడతారు. మిగతా చోట్లకు బయటి కళ్ళద్దాలు చాలు, కానీ అవి ఆ లేజర్‌కు తగినవే అయి ఉండాలి. అద్దం మీద నానోమీటర్ల అంకె రాసి ఉంటుంది. గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఉండాలి, తోడు వచ్చిన మీ అక్కకైనా సరే.

ఇంకో సంగతి గమనించండి. చర్మాన్ని స్పిరిట్‌తో తుడిచి, అది ఆరకముందే లేజర్ పెడితే మంట అంటుకోవచ్చు. సెలైన్‌తో తుడవాలి, చుట్టూ తడి గాజ్ (గాయాలకు కట్టే పలచటి నూలు గుడ్డ) పెట్టాలి. పొగ లాగే గొట్టం బొడిపె పక్కనే ఉండాలి. పులిపిరి కాల్చినప్పుడు లేచే పొగలో హెచ్‌పీవీ డీఎన్‌ఏ ఉంటుందని 1980ల నుంచీ తెలిసిన విషయమే. అందుకే మామూలు గుడ్డ మాస్కు కాకుండా ఎన్95 పెట్టుకుంటారు.

పని మొదలయ్యాక చురుక్కు చురుక్కుమంటుంది, వెంట్రుక కాలిన వాసన వస్తుంది. మంచి చేతివాటం ఎలా ఉంటుందంటే: తక్కువ పవర్‌తో ఒక పొర తీస్తారు, తడి గాజ్ గుడ్డతో ఆ బూడిదను తుడుస్తారు, వంగి చూస్తారు, మళ్ళీ ఒక పొర. తుడవకుండా నల్లటి మసి మీదే మళ్ళీ మళ్ళీ కాలిస్తే ఆ మసి వేడెక్కి కింది చర్మాన్ని మాడుస్తుంది. చర్మంతో సమం కాగానే ఆపాలి. సూది మొన చుక్కల్లా నెత్తురు కనిపించిందంటే కింది చర్మం పై అంచుకు చేరినట్టు, డీపీఎన్‌కు అంతకు మించి వెళ్ళాల్సిన పని లేదు. ‘వేరుతో సహా తీసేయండి’ అని తొందరపెట్టేది చాలాసార్లు మనమే. గుంట పడ్డాక పూడ్చడం కష్టం, కాస్త మిగిలితే నెలన్నరకు మళ్ళీ గీకించుకోవచ్చు.

మొహం నిండా యాభై బొడిపెలు ఉన్నా మొదటిసారి దవడ కింద, చెవి ముందు లాంటి చోట రెండు మూడింటికి చేయించుకుని ఆరు వారాలు ఆగండి. మీ చర్మం ఎంత నల్లబడుతుందో అక్కడ తెలిసిపోతుంది.

అనుమానం ఉన్నదాన్ని లేజర్‌కు ముందే బ్లేడుతో పలచగా కోసి, 10 శాతం ఫార్మలిన్ డబ్బాలో వేసి పెథాలజీకి పంపాలి. డబ్బా మీద మీ పేరు, ఎటువైపు, ఏ చోటు అని రాశారో లేదో మీ కళ్ళతో చూసుకోండి.

ఇంటికొచ్చాక

మొదటి రోజు ఎర్రగా ఉబ్బుతుంది, కళ్ళ కింద చేయించుకుంటే పొద్దున్నే లేచేసరికి ఇంకాస్త. ఐసును గుడ్డలో చుట్టి పది నిమిషాల చొప్పున పెట్టుకోండి, తలగడ ఎత్తుగా వేసుకుని పడుకోండి. మర్నాటి నుంచి మామూలు నీళ్ళతో మెల్లగా కడిగి, అద్ది తుడిచి, డాక్టరు రాసిన మ్యూపిరోసిన్ లేదా ఫ్యూసిడిక్ యాసిడ్ పూసి, పైన వాసన లేని పెట్రోలియం జెల్లీ రాయండి. రోజుకు రెండు మూడుసార్లు. గాయాన్ని ఎండబెడితే త్వరగా మానుతుందన్నది పాత నమ్మకం. తడిగా ఉంచితేనే కొత్త చర్మం త్వరగా పాకుతుంది, మచ్చ తక్కువ.

పక్కు గోధుమ రంగులో కడుతుంది. మొహం మీద అయిదు నుంచి ఏడు రోజుల్లో, ఒంటి మీద పది పద్నాలుగు రోజుల్లో దానంతట అదే రాలిపోతుంది. నాలుగో రోజు దురద మొదలవుతుంది, గోరు అటే పోతుంది. అక్కడే ఆగాలి. ముందుగా పీకిన పక్కు కింద పచ్చి చర్మం ఉంటుంది, అదే నల్లమచ్చ అవుతుంది.

మన ఊళ్ళకు సంబంధించిన జాగ్రత్తలు కొన్ని. మిర్చి యార్డులో, కారం మిల్లులో పనిచేసేవారు పక్కులు రాలేదాకా సెలవు పెట్టగలిగితే పెట్టండి, కుదరకపోతే పైన ప్లాస్టర్ అంటించుకోండి. ఇంట్లో ఆవకాయ కలిపిన చేత్తో మొహం తాకొద్దు, సబ్బుతో రెండుసార్లు కడిగినా కారం గోటి సందుల్లో ఉంటుంది. పచ్చి గాయం మీద పసుపు, కుంకుమ, స్టిక్కర్ బొట్టు జిగురు పడకూడదు, బొట్టు కాస్త పక్కకు పెట్టుకుంటే ఏం కాదు. కార్తీకంలో కృష్ణలో మునకలు ఆ ఏడాదికి మానండి. హెల్మెట్ పట్టీ గడ్డం కింద రాసుకుంటే మెత్తటి నూలు గుడ్డ అడ్డం పెట్టండి, హెల్మెట్ మాత్రం మానొద్దు. జిమ్, క్రికెట్ నాలుగైదు రోజులు పక్కన పెట్టండి. నెత్తి మీద చేయించుకున్నవారు మొక్కు ఉన్నా గుండు మూడు వారాలు వాయిదా వేసుకోండి.

పక్కు రాలిన రోజు నుంచి సన్‌స్క్రీన్. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా, డబ్బా మీద పీఏ పక్కన మూడు ప్లస్సులు ఉన్నది, వీలైతే చర్మం రంగు కలిపినది. ఆ రంగులో ఉండే ఐరన్ ఆక్సైడ్ మామూలు వెలుతురును కూడా ఆపుతుంది, మన చర్మం నల్లబడటంలో ఆ వెలుతురు పాత్ర కూడా ఉంది. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా గీసిన రెండు గీతలంత క్రీము మొహానికీ మెడకూ పట్టాలి. శనగగింజంత తీసి మొహమంతా పులిమితే రాసుకోనట్టే. ఆరుబయట ఉంటే రెండు మూడు గంటలకోసారి మళ్ళీ. కనీసం రెండు నెలలు. పచ్చి గాయం మీద మాత్రం సన్‌స్క్రీన్ వద్దు, అప్పటిదాకా గొడుగు, చున్నీ, టోపీ.

ఎక్కడ తేడా కొడుతుంది

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది నల్లబడటం. మూడు నాలుగు వారాలకు మొదలవుతుంది, అందరూ హడలిపోయేది అప్పుడే. మందుల షాపుకు పరిగెత్తి స్టెరాయిడ్ కలిసిన తెల్లబడే క్రీము తెచ్చుకోవద్దు. పది రోజులు బాగున్నట్టే ఉంటుంది, తర్వాత చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు లేచి, ఆ క్రీము లేకుండా బతకలేని స్థితికి వస్తుంది. సన్‌స్క్రీన్ కొనసాగిస్తూ డాక్టరు దగ్గరికి వెళితే అజెలాయిక్ యాసిడ్‌నో, హైడ్రోక్వినోన్‌నో రాస్తారు. హైడ్రోక్వినోన్‌ను మూడు నాలుగు నెలలు దాటి ఆపకుండా వాడకూడదు. తెల్లమచ్చ పడితే అది ఎక్కువ లోతుకు వెళ్ళిన గుర్తు. నెలల మీద నెమ్మదిగా రంగు తిరగొచ్చు, కొన్ని అలాగే ఉండిపోతాయి.

మూడో రోజు తర్వాత నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే, ఎరుపు చుట్టూ పాకుతుంటే, చీము, జ్వరం ఉంటే ఇన్‌ఫెక్షన్ సోకినట్టు. వెంటనే వెళ్ళండి, ఫోనులో ఫోటో పంపి ఊరుకోకండి. మండుతూ చిన్న నీటి పొక్కులు గుంపుగా లేస్తే హెర్పిస్ కావచ్చు, అసైక్లోవిర్ లాంటి మందు మొదటి మూడు రోజుల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. గాయం మానాక నెలా రెండు నెలలకు అక్కడ గట్టిగా, గులాబీ రంగులో, దురదగా ఉబ్బుతుంటే కెలాయిడ్ మొదలైందేమో చూపించుకోవాలి. తొలి దశలో స్టెరాయిడ్ ఇంజెక్షన్‌కు బాగా అణుగుతుంది.

మళ్ళీ రావడం వేరే సంగతి. తీసిన డీపీఎన్ అదే చోట తిరిగి రావడం తక్కువ, పక్కన కొత్తవి వస్తూనే ఉంటాయి. ఏడాదికో రెండేళ్ళకో ఒక సిట్టింగ్ పడుతుందనుకోండి. జాంథెలాస్మా కొలెస్ట్రాల్ తగ్గించుకున్నా కూడా తిరిగి రావచ్చు. పులిపిరి తిరిగొస్తే నాణెమంత ఉన్నప్పుడు కాదు, గింజంత ఉన్నప్పుడే వెళ్ళండి.

ఆరు వారాలకు రివ్యూకు వెళ్ళేటప్పుడు పాత ఫోటోలు ఫోనులో ఉంచుకోండి. పెథాలజీకి ముక్క పంపి ఉంటే రిపోర్టు అడిగి తీసుకుని, దాన్నీ ఫోటో తీసి పెట్టుకోండి. తీసిన చోటే నల్లగా మళ్ళీ ఏదైనా లేస్తే, రెండోసారి లేజర్ వేయించుకునే ముందు ఆ రిపోర్టు డాక్టరు ముందు పెట్టండి. రిపోర్టు లేదంటే ముందు బయాప్సీ, ఆ తర్వాతే మిగతాది.